ఇంటిలోని ఇంటర్నెట్టు: తెగిన చోటును కనుగొను విధము

మగ్గము మీద బట్ట నేయుచుండగా పడుగులో నొక పోగు తెగినచో నేతగాడు పడుగునంతను విప్పివేయడు. ఏ పోగు తెగినదో, అచ్చునకు ఈవల తెగినదో ఆవల తెగినదో చూచి, ఆ యొక్క పోగును అతికి, పని సాగించును. కొడకండ్లలో మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన పిల్లలకు ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు. అయినను ఆ యిండ్లలోనే ఇంటర్నెట్టు నిలిచినప్పుడు జరుగునది వేఱు. ఒకరు రౌటరును ఆర్పి వెలిగింతురు. ఒకరు పాస్‌వర్డు మార్చుదురు. ఒకరు కంపెనీవారిని నిందింతురు. ఒకరు గోడ యావలి పొరుగువానిని అనుమానింతురు. తెగిన పోగు ఏదియో చూచువారు మాత్రము అరుదు. ఆ చూచు విధమునే ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

కొంతకాలము క్రిందట, పదవ తరగతి పరీక్షలకు ఇంక రెండు నెలలున్నవనగా, ఈ మండలములోనే అన్నదమ్ములిద్దఱు కాపురముండు నొక యింటివారు మమ్ము పిలిపించిరి. క్రింద అన్నగారిది పాత పెంకుటిల్లు. దానికి ఆనుకొని కట్టిన స్లాబు మీద తమ్ముని గదులు. ఇంటర్నెట్టు కనెక్షను ఒక్కటే. నెల బిల్లు చెరిసగము. అన్నగారి భార్య తాము నేసిన చీరల ఫొటోలను వాట్సాపు ద్వారా కొనువారికి పంపి బేరములు కుదుర్చుకొనును. తమ్ముని కుమార్తె పదవ తరగతి విద్యార్థిని. సాయంకాలములందు టి-శాట్ పాఠములు చూచి లెక్కలు చేసికొనును. రాత్రి ఏడు గంటలు కాగానే ఈ యిద్దఱి పనియు నిలిచిపోవుచుండెను. ఫొటో సగము పోయి ఆగును; పాఠము తెఱ మీద చక్రము తిరుగుచునే యుండును.

తమ్ముడు రౌటరు పుటను తెఱచి చూచెను. ఇంటిలో ఫోనులు ఆఱు, టీవీ ఒకటి, వెరసి ఏడు యంత్రములుండగా, ఆ పట్టికలో పదునొకండు కనబడెను. ఇంక చెప్పవలసినదేమి? పొరుగింటి కుఱ్ఱవాడు దొంగచాటుగా వాడుకొనుచున్నాడని అతడు నిశ్చయించెను. పాస్‌వర్డు అతనికి ఎట్లు తెలిసెను? క్రిందియింటివారు చెప్పియుందురు. మేము పోవునప్పటికి రెండు పొయ్యిల వారికి నడుమ మాటలు లేవు. పొరుగింటి తల్లి వీరి గుమ్మము త్రొక్కుట మానియుండెను.

ఆ యింటి సంగతిని కొంచెము ఆపి, మొదట త్రోవను తెలిసికొందము. ఫోనులో మనము పాఠమును తెఱచినప్పుడు మన కోరిక ముందుగా రేడియో తరంగమై గాలిలో రౌటరును చేరును. అక్కడ నుండి వెండ్రుకవలె సన్నని గాజుపోగులో వెలుగై, వీధి స్తంభముల మీదుగా కంపెనీవారి కేంద్రమునకు పోవును. అటనుండి ఆ పాఠము నిలువయున్న యంత్రము ఏ నగరములో నున్నను దానిని చేరి, జవాబును తీసికొని అదే విధముగా తిరిగి వచ్చును. కాబట్టి త్రోవలో మూడు భాగములు గలవు: ఇంటిలోని గాలి, వీధిలోని తీగ, ఆవలి ప్రపంచము. దోషము ఈ మూటిలో నొకదానియందుండవచ్చును. లేదా, త్రోవ అంతయు బాగుగనే యుండి, దానిని నింపివేసినవారు మన యింటనే యుండవచ్చును. ఈ కడపటి సంగతి సాధారణముగా ఎవ్వరికిని తోచదు.

పలువురు ఒకే గాలిని పంచుకొని మాటాడుట క్రొత్త విద్య గాదు. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములందు నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడును అతని తోటివారును 1971లో ద్వీపముల నడుమ రేడియో ద్వారా కంప్యూటరులను కలిపిరి. దానికి అలోహానెట్ అని పేరు. అన్ని యంత్రములును ఒకే తరంగము మీద పంపుచుండెను గనుక, ఇద్దఱొకసారి పంపినచో రెండు మాటలును చెడిపోవును. అప్పుడు ప్రతివాడును తనకు తోచినంతసేపు ఆగి మరల పంపవలెను. ఇద్దఱును సరిగా ఒకే క్షణమున మరల పంపుట అరుదు గనుక పని జరిగిపోవును. నేటి వైఫై ఆ నియమమునకు మఱియొకటి చేర్చుకొన్నది: నోరు తెఱచుటకు ముందు చెవి యొగ్గి వినుట. వైఫై ప్రమాణము 1997లో వెలువడెను. వైఫై అను పేరు 1999లో వచ్చెను. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను లైసెన్సు లేకయే వైఫై వంటి పనులకు వాడుకొనుటకు 2005లో ప్రభుత్వము వీలు కల్పించెను.

దీని వలన తెలియునదేమనగా, రౌటరు చుట్టునున్న పది ఫోనులును ఒకేసారి మాటాడవు. వంతుల మీద మాటాడును. ఊరి బావికి చేద ఒక్కటే యున్నదనుకొనుడు. బలముగలవారు నలుగురు గబగబ తోడుకొని పోవుదురు. చేతులలో సత్తువ లేని ముసలమ్మ ఒక్క బిందె తోడుకొనుటకు చాలసేపు పట్టును. ఆమె తోడినది తక్కువయే యైనను అందఱును ఆగవలసినదే. రౌటరునకు దూరముగా, రెండు గోడల యావల నున్న ఫోను ఆ ముసలమ్మ వంటిది. అది నిదానముగా మాటాడును. దగ్గఱనున్న ఫోను ఒక రెప్పపాటులో ముగించు మాటకు అది పదిరెట్లు కాలము తీసికొనును. కావున మూలగదిలోని యొక ఫోను వలన ఇల్లంతయు నెమ్మదించుట కలదు.

ఇక తీగ సంగతి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశమున ఇంటర్నెట్టును జనులకు అందుబాటులోనికి తెచ్చినప్పుడు అది టెలిఫోను తీగ మీదనే వచ్చెను. ఇంట ఒకరు దానిని వాడుచుండగా రెండవవారు ఫోనులో మాటాడుటకును వీలులేదు. పల్లెల వఱకు ఫైబరు తీగను తీసికొనిపోవు జాతీయ పథకమునకు 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చెను. దానినే తరువాత భారత్‌నెట్ అనిరి. తెలంగాణమున మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములందే టి-ఫైబరు తీగలకును గొట్టములు వేసిరి. నీరును వెలుగును ఒకే గోతిలో పడి ఊళ్లకు వచ్చుట మాకు ముచ్చటగా తోచును.

ఇండ్లకు వచ్చు ఫైబరులో నొక విశేషము గలదు. ప్రతి యింటికిని కేంద్రము నుండి వేఱు వేఱు తీగలు రావు. ఒక తీగ వీధి దాక వచ్చి, అక్కడ నొక చిన్న పెట్టెలో ముప్పదిరెండుగనో అఱువదినాలుగుగనో చీలును. ఎక్కువగా వాడుకలోనున్న జీపాన్ అను పద్ధతిలో ఆ వీధివారందఱును కలిసి సెకనుకు 2.5 గిగాబిట్లు దించుకొనవచ్చును. ఎక్కించుటకు అందులో సగమే. చెరువు తూము నుండి వచ్చు నీరు కాలువలుగా చీలి మళ్లకు పోవునట్లే యని యెంచుడు. అందుచేత సాయంకాలము ఏడు మొదలు పదింటి వఱకు వీధియంతయు నెమ్మదించుటయు కలదు. ఆ యన్నదమ్ముల యింటను మేము మొదట దానినే యనుమానించితిమి. కాని అనుమానము చాలదు, పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష దీపములు. రౌటరు మీద, లేక దానితో కూడిన ఫైబరు పెట్టె మీద, చిన్న దీపములు వరుసగా నుండును. పాన్ అని వ్రాసిన పచ్చదీపము కదలక వెలుగుచున్నచో వీధి తీగ బాగుగ నున్నది. అది మినుకు మినుకు మనుచున్నచో పెట్టె కేంద్రముతో మాట కలుపుకొనజాలక తడబడుచున్నది. ఎల్.ఓ.ఎస్. అని వ్రాసిన యెఱ్ఱదీపము వెలిగినచో వెలుగు రానేలేదని గ్రహింపవలెను: తీగ తెగినదో, మెలిపడినదో, స్తంభము మీది పెట్టెలో ఊడినదో. అట్టి యెడల ఇంటిలో ఎన్ని మీటలు నొక్కినను ప్రయోజనము లేదు; కంపెనీవారిని పిలువవలసినదే. గాజుతీగను బొటనవ్రేలికి చుట్టినంత బిగువుగా వంచిన చోట వెలుగు బయటికి కాఱిపోవునని గుర్తుంచుకొనుడు. తలుపు సందున పెట్టి తలుపు వేయుట, మేకునకు మెలిపెట్టి వ్రేలాడదీయుట మంచిది గాదు. పిల్లలు ఊడిన తీగకొనను కంటి యెదుట పెట్టుకొని చూడరాదు. అందులోని వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

దీపములలో ఏదియు వెలుగనిచో ముందు అడాప్టరును చూడవలెను. ఈ రౌటరులు పెక్కు 12 వోల్టుల మీద నడచును. కరెంటు పోవుచు వచ్చుచునుండు ఊళ్లలో అడాప్టరు బలము తగ్గి, రౌటరు తనంతట తానే ఆరి వెలుగుచుండును. జనులు దానిని ఇంటర్నెట్టు దోష మందురు. మఱియొక రౌటరు అడాప్టరును, వోల్టులును ఆంపియరులును సరిచూచి, పెట్టి చూచినచో నిజము తెలియును.

రెండవ పరీక్ష పింగు అనునది. మైక్ మూస్ అను అమెరికా దేశస్థుడు 1983 డిసెంబరులో దీనిని వ్రాసెను. లోతైన నూతిలో రాయి వేసి చప్పుడెంతసేపటికి వచ్చునో విన్నట్లు, ఇది ఒక చిన్న మాటను పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకనులకు తిరిగి వచ్చెనో చెప్పును. మిల్లీసెకననగా సెకనులో వెయ్యవ వంతు. కంప్యూటరులో ఆజ్ఞగా వ్రాయవచ్చును. ఫోనునకు దీనికై చిన్న యాపులు గలవు. దీనిని మూడుమాఱులు, మూడు చోట్లకు పంపవలెను. మొదట రౌటరునకే: దాని సంఖ్య సాధారణముగా 192.168.1.1 గాని 192.168.0.1 గాని యుండును. తరువాత వెలుపలి యొక యంత్రమునకు: గూగుల్ సంస్థ 2009 డిసెంబరులో అందఱకును తెఱచి పెట్టిన 8.8.8.8 ఇందులకు అనువైనది. కడపట ఏదైన నొక వెబ్‌సైటు పేరునకు.

రౌటరే జవాబీయనిచో, లేక చాల ఆలస్యముగా ఇచ్చినచో, దోషము ఇంటి గాలిలో నున్నది. రౌటరు వెంటనే పలికి 8.8.8.8 పలుకనిచో తీగలోనో కంపెనీవారి కడనో యున్నది. సంఖ్య పలికి పేరు పలుకనిచో పేరులను సంఖ్యలుగా మార్చి చెప్పు డీఎన్ఎస్ అను పుస్తకము చెడినది. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన పద్ధతి ఇది. రౌటరు పుటలో ఆ పుస్తకపు చిరునామాగా 8.8.8.8 వ్రాసినచో పెక్కుసారులు సరియగును. వీలున్నచో ఈ పరీక్షలను ఒకసారి తీగతో, ఒకసారి వైఫైతో చేయవలెను. లాప్‌టాపును రౌటరునకు తీగతో కలిపినప్పుడు బాగుగ నుండి, వైఫైలో చెడినచో, ఇంక కంపెనీవారికి ఫోను చేయుట వృథా.

ఇప్పుడు ఆ యింటికి మరల పోవుదము. మేము రాత్రి ఏడున్నరకు కూర్చుంటిమి. దీపములన్నియు పచ్చగ నుండెను. తీగతో కలిపి చూడగా రౌటరు ఒక్క మిల్లీసెకనులోపల పలికెను. పైయంతస్తునకు పోయి వైఫైతో పింగు చేయగా ఒకసారి అయిదు, ఒకసారి నాలుగువందలు, ఒకసారి జవాబే లేదు. గాలిలోనే దోషమని తేలెను. రౌటరు ఎక్కడ నున్నదని చూడగా క్రింది పెంకుటింట, ఇనుప బీరువా వెనుక, నీళ్ల డ్రమ్ము ప్రక్కన నుండెను! దాని దీపములు నిద్రకు అడ్డమని అక్కడ పెట్టిరట. ఇనుము రేడియో తరంగమును త్రిప్పికొట్టును, నీరు మ్రింగును, మూరెడు మందము మట్టిగోడయు, ఇనుప కడ్డీలు పఱచిన స్లాబును దానికి తోడు. పైగా చుట్టుప్రక్కల రౌటరులు నాలుగు అదే ఆఱవ చానలు మీద నుండెను. 2.4 గిగాహెర్ట్జ్‌లో చానలులు ఒకదాని మీద నొకటి పడియుండును. ఒండొంటిని తాకనివి 1, 6, 11 అను మూడే. 5 గిగాహెర్ట్జ్ తరంగములకు చోటెక్కువ. కాని అవి గోడలను అంతగా దాటలేవు. మేము రౌటరును మెట్లవద్ద గోడకు నిలువెత్తున బిగించి, చానలును 11కు మార్చి, పైనుండి మరల పింగు చేయగా మూడు, నాలుగు మిల్లీసెకనులు వచ్చెను. టీ త్రాగి, పని ముగిసినదని సంతోషించి ఇల్లు చేరితిమి.

ఇది మా తొందరపాటు. మూడవనాడు మరల కబురు వచ్చెను. ఏడు గంటలకు మరల నిలిచిపోవుచున్నదట. రౌటరును పైయంతస్తు వైపు జరిపితిమి గనుక క్రిందివారికి ఇప్పుడు ఇంకొక అనుమానము పుట్టెను. మేము చేసిన వైద్యము వలన రోగము కంటె తగవు పెరిగినది.

ఈసారి ఏడింటికి ముందే పోయి కూర్చుంటిమి. ఆఱున్నరకు రౌటరు మూడు మిల్లీసెకనులలో పలికెను, 8.8.8.8 ఇరువదింటిలో పలికెను. ఏడు దాటిన కొలది నిమిషములకు రౌటరు అట్లే మూడులో పలుకుచుండగా, 8.8.8.8 మాత్రము రెండువందలు, అయిదువందలు, ఎనిమిదివందలు దాటిపోయెను. దీపము పచ్చగనే యున్నది. గాలి బాగున్నది. తీగ తెగలేదు. అనగా తీగ నిండిపోయినది. మొదటి దోషము వెనుక రెండవ దోషము దాగియుండెను. మొదటిది తొలగువఱకు రెండవది కనబడలేదు.

ఎవరు నింపిరి? దీనికి కనుగొను విధము చాల సులువు, కాని ఇంటివారందఱు ఒకచోట చేరవలెను. చాలదినముల తరువాత రెండిండ్లవారును ఒకే వసారాలో కూర్చుండిరి. ఒక్కొక్కరుగా తమ ఫోనులో వైఫైని ఆర్పిరి. మేము పింగును చూచుచు సంఖ్యలను పైకి చదువుచుంటిమి. తమ్ముడు ఆర్పెను: ఎనిమిదివందలు. అతని భార్య ఆర్పెను: ఎనిమిదివందల పది. అన్నగారు, వదినెగారు, బాలిక: మార్పు లేదు. అన్నగారి కుమారుడు ఆర్పగానే సంఖ్య ఇరువదిరెండునకు దిగెను. మరల వెలిగింపుమంటిమి, ఏడువందలు. మరల ఆర్పుమంటిమి, ఇరువది.

ఆ యువకుడు పెండ్లి ఫొటోలు తీయువాడు. పగలెల్ల తీసిన వీడియోలతో ఏడింటికి ఇల్లు చేరగానే, ఫోను వైఫైని పసిగట్టి, తనంతట తానే ఆ వీడియోలను దూరపు భద్రస్థలమునకు ఎక్కించుచుండెను. దీనినే బ్యాకప్ అందురు. తాను ఫోను ముట్టుకొననే లేదని అతడు ప్రమాణము చేసెను, అది నిజమే. జేబులోనుండియే అది పని చేయుచున్నది.

ఎక్కించుట వలన దించుకొనుట ఏల నిలిచెను? విద్యార్థులు దీనిని శ్రద్ధగా చదువవలెను. పాఠపు తునుకలు వచ్చుచుండగా మన యంత్రము "అందినది, అందినది" అని మరల మరల రసీదులు పంపవలెను. రసీదు రానిచో అవతలి యంత్రము పంపుట తగ్గించును. ఆ రసీదులు చిన్నవే. కాని పెండ్లి వీడియోల వరుస వెనుక నిలువవలసి వచ్చినవి. రౌటరు తన జ్ఞాపకములో ఎంత చోటున్న అంత వరుసను నిలుపుకొనును. వరుస నిడువు పెరిగినకొద్ది ఆలస్యము పెరుగును. జిమ్ గెట్టిస్ అను ఇంజనీరు 2010 ప్రాంతమున ఈ రోగమును బయటపెట్టి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టెను. ఉదయమున వేగపరీక్ష చేసి, బిల్లులో వ్రాసినంత వేగము వచ్చుచున్నదని తృప్తిపడువారికి ఈ దోషము కనబడదు.

మఱి పదునొకండు పేరుల మాటేమి? పూర్వము ప్రతి ఫోనునకు మార్పులేని యొక చిరునామా యుండెడిది. మనుష్యులు ఎక్కడెక్కడ తిరుగుచున్నారో ఆ చిరునామాను బట్టి కనిపెట్టుచున్నారని, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 మొదలు, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలు, ఫోనులు ఒక్కొక్క వైఫై పేరునకు ఒక్కొక్క మాఱు చిరునామాను చూపుచున్నవి. ఈ రౌటరునకు పేరులు రెండు: 2.4కు ఒకటి, 5కు ఒకటి. నాలుగు ఫోనులు రెండింటను చేరియుండెను. ఏడును నాలుగును పదునొకండు. మేము ప్రతి ఫోనును తెఱచి, అందలి చిరునామాను పట్టికలో చూచి టిక్కు పెట్టితిమి. పదునొకండును తీఱెను, పరాయిది ఒక్కటియు మిగులలేదు.

వసారాలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. మఱునాటి ఉదయము తమ్ముడు పొరుగింటికి తానే పోయి వచ్చెనని వింటిమి. అక్కడ ఏమి మాటాడుకొనిరో మేము అడుగలేదు.

బ్యాకప్‌ను మానుమనుట న్యాయము కాదు. ఆ వీడియోలు పోయినచో ఆ యువకుని జీవనము పోవును. పండుకొనబోవునప్పుడు మాత్రమే దానిని నడుపునట్లు ఏర్పాటు చేసికొనెను. మఱియు రౌటరు పుటలో బ్యాండ్‌విడ్తు కంట్రోలు అనుచోట, ఒక్క ఫోను ఎక్కించుటకు తీగలో నాల్గవ వంతునకు మించి తీసికొనకుండ హద్దు వ్రాసితిమి. అన్ని రౌటరులలో ఈ సదుపాయము లేదు, ఉన్నచో వాడుకొనదగినది. ఏడు మొదలు తొమ్మిది వఱకు పాఠములకు, చీరల ఫొటోలకు ముందు వంతు అని ఇంటివారే నిర్ణయించుకొనిరి. చెరువు క్రింద వంతు నీరు పెట్టుకొను రైతులకు దీనిని మేము నేర్పవలసిన పనిలేదు.

నెల దాటిన తరువాత తమ్ముడు పైగదికి రెండవ రౌటరు నొకదానిని తెచ్చి, క్రిందినుండి తీగ లాగి కలిపెను. ఆ క్షణమునుండి రెండిండ్లకును మరల కష్టము. దీని కారణమును గూర్చియు నొక మాట చెప్పవలెను. ఇంటర్నెట్టులో మొదట ఏర్పఱచిన సంఖ్యలు సుమారు 430 కోట్లు మాత్రమే. ప్రపంచములోని యంత్రములకు అవి చాలవు. కాబట్టి ఇంటింటి లోపల వాడుకొనుటకు 192.168తో మొదలగు సంఖ్యల వంటి కొన్నింటిని ప్రత్యేకించిరి. ప్రతి బడిలోను ఒకటవ నెంబరు పిల్లవాడు ఉండును గదా; ఆ నెంబరు ఆ తరగతిలోనే చెల్లును. ఇంటిలోని యంత్రములకు ఆ నెంబరులను పంచిపెట్టు గుమాస్తా రౌటరే. దానిని డీహెచ్‌సీపీ యందురు. ఒక తరగతిలో ఇద్దఱు గుమాస్తాలు చేరి, ఇద్దఱును తామే 192.168.1.1 అని చెప్పుకొని, ఎవరికి తోచినట్లు వారు నెంబరులు పంచినచో ఏమగును? రెండవ రౌటరునకు 192.168.1.2 అని వేఱు సంఖ్య ఇచ్చి, దాని డీహెచ్‌సీపీని ఆర్పి, క్రిందినుండి వచ్చు తీగను వాన్ అని వ్రాసిన రంధ్రమున గాక లాన్ అని వ్రాసిన రంధ్రమున పెట్టవలెనని ఫోనులోనే చెప్పితిమి. యాక్సెస్ పాయింటు అను ఏర్పాటున్న రౌటరులలో ఆ యొక్కటి ఎంచుకొనిన చాలును. ఈ తీగ 100 మీటరుల వఱకు పనిచేయును. ఎప్పుడైన మీ యంత్రమునకు 169.254తో మొదలగు సంఖ్య వచ్చినచో, గుమాస్తా పలుకలేదు గనుక అది తనకు తానే నెంబరు వేసికొన్నదని తెలిసికొనుడు.

ఈ పనులన్నిటిని ఆ బాలిక ప్రక్కన నిలిచి చూచెను. రౌటరు క్రింద మేకునకు నొక నోటుపుస్తకమును వ్రేలాడగట్టి, ఇంటర్నెట్టు చెడినప్పుడెల్ల గంట, దీపముల రంగు, మూడు పింగుల సంఖ్యలు వ్రాసిపెట్టుట మొదలుపెట్టెను. పరీక్షలు ముగిసిన తరువాత, వానకాలమున, ఒకనాడు కోతులు స్తంభము మీది తీగను లాగి ఊగులాడినవి. తీగ తెగలేదు గాని ఆనాటినుండి పాన్ దీపము మినుకుమినుకు మనుచుండెను. ఆ బాలిక రౌటరు పుటలో లోనికి వచ్చు వెలుగు బలమును చూచి, మైనస్ 21 ఉండెడిది మైనస్ 29 అయినదని వ్రాసెను. మైనస్ 27 దాటినచో ఆ పెట్టె వెలుగును సరిగా చదువలేదు. కంపెనీ పనివాడు వచ్చి, అలవాటు చొప్పున రౌటరును ఆర్పి వెలిగింపబోయి, ఆ పుటను చదివి, మాటాడక నిచ్చెనను తీసికొని వీధిలోనికి పోయెను. మెలిపడిన తీగను పావుగంటలో విప్పి సరిచేసెను. పోవునప్పుడు, ఈ పుస్తకమును ఎవరు వ్రాయుచున్నారని యడిగెను.